రెండు వేల టెంటు

"టెంటుకి రోజుకెంతరా?" అని మా నాన్న అడిగితే "రెండు వేలు" అని చెప్పా. తడుముకోకుండా చెప్పా. ఇలాంటి అబద్ధాలు నాకు కొత్త కాదు. నా బూట్ల ధర, ఆఫీసు పక్కన తాగే కాఫీ ధర, జుట్టు కత్తిరించుకున్న ధర... ఇవన్నీ మా ఇంట్లో ఒక ప్రత్యేకమైన మారకపు రేటులో చెలామణీ అవుతుంటాయి. అసలు ధరని ఐదుతో భాగిస్తే ఇంట్లో చెప్పే ధర వస్తుంది. టెంటు విషయంలో భయమేసి పదితో భాగించా. రోజుకి 19,500, దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండు రాత్రులకి మొత్తం 46,020 రూపాయలు. ముగ్గురికీ ఒకటే టెంటు, అదనపు మంచం వాళ్ళే వేస్తారు.

ఇదెందుకు చేశానో చెప్పాలి. మా అమ్మకి ఎప్పట్నించో పుష్కర్ వెళ్ళాలని కోరిక. బ్రహ్మకి అక్కడ తప్ప ఇంకెక్కడా గుడి లేదని ఎవరో ప్రవచనంలో చెప్పారు. (మన గుంటూరు జిల్లా చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉందమ్మా, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు, బస్సెక్కితే రెండు గంటల్లో పోవచ్చు అని చెప్పి చూశా. "అది వేరు, ఇది వేరు" అంది. దానికి ఎదురు సమాధానం లేదు.) కార్తీక మాసంలో అక్కడ స్నానం చేస్తే మంచిదంట. కార్తీకంలోనే అక్కడ ఒంటెల సంత కూడా జరుగుతుంది. ఏకాదశి నించి పౌర్ణమి దాకా స్నానాల జాతర, దానికి వారం పది రోజుల ముందు నించీ పశువుల బేరాలు. పౌర్ణమి వచ్చేసరికి బేరాలన్నీ అయిపోయి పశువులు వెళ్ళిపోతాయి, జనం మాత్రం మిగులుతారు. ఆ సంత మా నాన్నకి చూపించాలని నా కోరిక. మా నాన్న జీవితమంతా ఎడ్లతోనే. మాది ప్రకాశం జిల్లా, ఒంగోలు జాతి ఎడ్లకి పుట్టిల్లు. మా జిల్లా పశువులు సముద్రాలు దాటి బ్రెజిల్ పోయి అక్కడ 'నెలోర్' అనే పేరుతో కోట్ల సంఖ్యలో పెరిగాయి. మా ఊళ్ళో మాత్రం ఇప్పుడు ఎడ్ల జత కనపడాలంటే సంక్రాంతికి పందేలు పెట్టాలి.

మరి లాడ్జిలో దిగొచ్చు కదా? దిగొచ్చు. కానీ ఒక రిలీజు అయిపోయిన రాత్రి పదకొండింటికి, కళ్ళు మండుతూ ఫోను చూస్తుంటే, ఇసుకలో వరసగా తెల్లటి గుడారాలు, లాంతర్లు, వెనకాల కొండలు... ఆ ఫొటో కనపడింది. బోనసు వచ్చి నాలుగు రోజులైంది. వీళ్ళని ఒక్కసారైనా రాజాలాగా కూర్చోబెట్టాలి అనిపించింది. నొక్కేశా.

2024 నవంబర్ 8, శుక్రవారం. హైదరాబాదు నించి జైపూరుకి విమానం, అక్కణ్ణించి టాక్సీ. అజ్మీర్ దాటాక నాగపహాడ్ అనే కొండని ఎక్కి దిగితే పుష్కర్. క్యాంపు గేటు దగ్గర డోలు వాయిస్తూ ఇద్దరు, బంతిపూల దండలు పట్టుకుని ఇద్దరు, బొట్టు పళ్ళెంతో ఒకమ్మాయి. దండ వేస్తుంటే మా నాన్న సంకోచంగా వెనక్కి చూశాడు, వెనకాల ఎవరైనా ఎమ్మెల్యే వస్తున్నాడేమో అని. కుర్రాడొకడు మా సంచులు అందుకోబోతే ఇవ్వలేదు. "బరువేం లేదు నాయనా, పప్పుండలే" అని తెలుగులో చెప్పాడు. ఆ కుర్రాడు సంచి లాగుతాడు, మా నాన్న వదలడు. చివరికి చెరో చెవి పట్టుకుని తీసుకొచ్చారు.

టెంటు సంగతి చెప్పాలంటే... లోపల తివాచీ, చెక్కిన మంచం, అద్దం బల్ల, ఒక షాండిలియర్ (నిజమే), వెనకాల స్నానాలగది, కమోడు, గీజరు. నేను ఫొటోలు తీసుకుంటుంటే మా నాన్న బయట చుట్టూ తిరిగి తాళ్ళు లాగి చూసి, మేకులు కాలితో తన్ని చూసి వచ్చాడు. "బానే బిగించారు. మన కళ్ళంలో పాకే గదరా, తాటాకు బదులు గుడ్డ కప్పారు. రెండు వేలు దండగ లేదు" అన్నాడు. నేను షాండిలియర్ వైపు చూశా.

సాయంత్రం గుడికి వెళ్ళాం. గోపురం ఎర్రటి రంగు, ద్వారం మీద హంస, నేలలో పాలరాతి పలకల్లో తాపడం చేసిన వెండి నాణేలు, వెండి తాబేలు. మా అమ్మకి కథంతా తెలుసు. యజ్ఞం వేళకి సావిత్రి రావడం ఆలస్యమైతే బ్రహ్మగారు ముహూర్తం దాటిపోతోందని గాయత్రిని పెళ్ళి చేసుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సావిత్రి వచ్చి చూసి, నీకు ఇక్కడ తప్ప ఇంకెక్కడా పూజలుండవు పొమ్మని శపించి కొండెక్కి కూర్చుంది. ఆ కొండ మీద ఆవిడ గుడి ఇప్పటికీ ఉంది, పోవడానికి రోప్‌వే కూడా ఉంది. "శాపం పెట్టక ఏం చేస్తుంది మరి. తయారయ్యే దాకా పది నిమిషాలు ఆగలేకపోయాడా" అని మా అమ్మ మా నాన్న వైపు చూస్తూ అంది. సరస్సు చుట్టూ 52 ఘాట్లు. ఒక ఘాట్‌లో పూజ చేయించినాయన సంకల్పం మధ్యలో ఎంత దానం ఇస్తారో నీళ్ళు చేతిలో ఉండగానే చెప్పమన్నాడు. నేను రెండొందలు అన్నా. ఆయన మొహం చిన్నబోయింది. మా అమ్మ కొంగు ముడి విప్పి ఇంకో మూడొందలు పెట్టింది. నలభై ఆరు వేలు నొక్కినవాణ్ణి మూడొందల దగ్గర బేరమాడాను, అదొక విచిత్రం.

రాత్రి భోజనానికి దాల్ బాటీ, కేర్ సాంగ్రీ, గట్టే కూర. ఊళ్ళో మాంసం, మందు, కోడిగుడ్డు ఏమీ ఉండవు. మంట చుట్టూ కుర్చీలు, కాల్బేలియా నాట్యం. చుట్టూ సగం మంది విదేశీయులు, సగం మంది నాలాంటివాళ్ళు. పడుకునే ముందు మా అమ్మ కెవ్వుమని అరిచింది. దుప్పటి కింద వెచ్చగా, మెత్తగా ఏదో కదిలిందట. చూస్తే వేణ్ణీళ్ళు పోసిన రబ్బరు సంచి. చలికి మనం ఇబ్బంది పడకూడదని ఆ కుర్రాడు చడీచప్పుడు లేకుండా పెట్టిపోయాడు. మా అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని "ఎంత మంచి పిల్లలో. రెండు వేలకి ఇంత చేస్తారా" అని తెగ మెచ్చుకుంది. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. జనరేటర్ చప్పుడు అనుకున్నా.

పొద్దున ఐదున్నరకి లేచి చూస్తే మా నాన్న మంచం మీద లేడు. ఫోను చార్జింగులోనే ఉంది. గేటు దగ్గర కాపలా ఆయన్ని అడిగితే "మేళా" అని చెయ్యి చూపించాడు.

కిలోమీటరు పైన నడిచా. వెలుగు ఇంకా సరిగా రాలేదు. ఇసుకదిబ్బ ఎక్కి చూస్తే కింద చిన్న చిన్న మంటలు, పొగ, ఆ పొగలో మోకాళ్ళు మడుచుకుని కూర్చున్న ఒంటెలు. ఒంటె అరుపు మీరెప్పుడైనా విన్నారా? బిందె గొంతు దాకా నీళ్ళు నిండేటప్పుడు వచ్చే చప్పుడుకి పులి గాండ్రింపు కలిపితే వచ్చేది. ఇంత పెద్ద కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్ళు అప్పటికే పది మంది దిగారు. ఒకతను టీ కాచుకుంటున్న ముసలామె మొహానికి జానెడు దూరంలో కెమెరా పెట్టాడు. ఆవిడ అతని వైపు చూడను కూడా చూడలేదు. ఏటేటా అలవాటే అనుకుంటా.

మా నాన్న ఒక మంట దగ్గర, బొంత మీద, కాళ్ళు మడుచుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కన ఒక పెద్దాయన. ఎర్ర తలపాగా, తెల్ల పంచె, చెవులకి బంగారు పోగులు. రాయికా వాళ్ళు. ఒంటెల్ని సాకడం తరతరాలుగా వాళ్ళ పని. పార్వతి సరదాకి మట్టితో ఒంటె బొమ్మ చేస్తే శివుడు ప్రాణం పోశాడని, దాన్ని కాయడానికే తమ మూలపురుషుణ్ణి పుట్టించాడని వాళ్ళు చెప్పుకుంటారు. ఆ పెద్దాయన మార్వాడీలో ఏదో అంటున్నాడు. మా నాన్న ఒంగోలు తెలుగులో జవాబిస్తున్నాడు. ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు తలాడిస్తున్నారు. ముప్పావు గంట నించీ ఇదే వరసట.

"రారా, కూర్చో. ఒంటె పాల టీ. ఈయన తొమ్మిది తెచ్చాడు, రెండే పోయినై. ఆ చివర్న ఉన్నది ఈనింది, దాన్ని అమ్మడు. కడుపు పదమూడు నెలలు మోస్తదంట" అన్నాడు మా నాన్న.

"నీకెలా తెలుసు?"

"చెప్పాడుగా."

నా హైదరాబాదీ హిందీతో సరిచూశా. అన్నీ కరక్టే.

తర్వాత మా నాన్న ధర అడిగాడు. నోటితో కాదు. భుజం మీద తుండు తీసి కుడి చేతి మీద కప్పుకుని ముందుకి చాచాడు. మీలో పల్లెటూరి సంత చూసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. తుండు కింద దళారి వేళ్ళు పట్టుకుని బేరం నడుస్తుంది, ఎన్ని వేళ్ళు పడితే అన్ని వేలు. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా అసలు ధర ఇద్దరికే తెలుస్తుంది. ఆ పెద్దాయన ఒక్క క్షణం తుండు వంక చూశాడు, తర్వాత గట్టిగా నవ్వి తన చెయ్యి కూడా లోపల పెట్టాడు. తుండు కింద కాసేపు కదలిక. మా నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్ళీ ఏదో పట్టాడు. మా నాన్న నా వైపు తిరిగాడు. "ఎనిమిది అంటున్నాడు. ఎనిమిది వేలా, ఎనభై వేలా కనుక్కో."

ఎనిమిది వేలే. మూడేళ్ళ మగ ఒంటె. బండికి అలవాటు చేస్తే పదిహేను ఇరవై ఏళ్ళు పని చేస్తుంది.

"ఎనిమిది వేలా!" అన్నాడు మా నాన్న. కాసేపు ఆ ఒంటె వంక చూశాడు. దాని ముక్కుకి ముకుతాడు, మెడలో పూసలు, ఒంటి మీద జుట్టు కత్తిరించి వేసిన ముగ్గులు. ఎన్ని రోజుల పనో అది. "అంటే మన టెంటు నాలుగు రోజుల అద్దెరా ఇది" అన్నాడు.

నేను టీ తాగా.

ధర ఎందుకు ఇలా పడిపోయిందో ఆ పెద్దాయనే చెప్పాడు, కొంత నేను ముందే చదివి ఉన్నా. ఒంటె బండ్లు పోయి టెంపోలు, ట్రాక్టర్లు వచ్చాయి, అది ఒకటి. మేపే బీళ్ళు పొలాలయ్యాయి, కంచెలు పడ్డాయి, అది రెండు. మూడోది చట్టం. రాజస్థాన్ ప్రభుత్వం 2014లో ఒంటెని రాష్ట్ర జంతువు చేసింది. 2015లో ఒంటెల్ని చంపకూడదని, అనుమతి లేకుండా రాష్ట్రం దాటించకూడదని చట్టం తెచ్చింది. ఉద్దేశం మంచిదే, ఎవరూ కాదనరు. ఏమైందంటే, బయటి రాష్ట్రాల నించి కొనేవాళ్ళు రావడం తగ్గిపోయింది. మగ ఒంటెని కొనేవాడు లేనప్పుడు మంద ఎందుకు పెంచాలి? 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఒంటెలు 4 లక్షలు. 2019 గణనకి రెండున్నర లక్షలు. చట్టం ఒక్కటే కారణం అనను, తగ్గడం చాలా ముందే మొదలైంది. కానీ నా వృత్తి భాషలో చెప్పాలంటే, డేటా పోతోందని డిలీట్ బటన్ తీసేశారు. కొత్తగా రాసేవాడు ఎందుకు రాస్తాడో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పాలు అమ్ముకోవచ్చు కదా అంటారు. 2016లో ఒంటె పాలకి ప్రమాణాలు పెట్టారు, 2019లో అమూల్ సీసాల్లో అమ్మడం మొదలుపెట్టింది. కానీ ఎడారిలో మంద వెంట తిరిగేవాడికి పాలు చల్లబెట్టే యంత్రం దగ్గర్లో ఉండొద్దూ? దీనికి తోడు 2020లో కరోనా వల్ల సంతే లేదు, 2022లో లంపీ చర్మ వ్యాధి వల్ల పశువుల్ని రానివ్వలేదు. ఆ ఏడు జనం వచ్చారు, గుడారాలు వేశారు, ఆటలు ఆడారు, ఒంటెల సంత మాత్రం జరగలేదు.

ఇంతలో ఆయన మనవడు వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఉంటాయి, జీన్సు ప్యాంటు, చెవిలో ఇయర్‌ఫోన్. ఒంటె బండి మీద టూరిస్టుల్ని తిప్పుతాడు, రోజూ మా క్యాంపు గేటు దాకా వస్తాడట. నన్ను చూడగానే "మీరు ఆ తెల్ల టెంట్లలో దిగారా సార్" అన్నాడు. పెద్దాయన వెంటనే ఏదో అడిగాడు. మనవడు హిందీలోకి మార్చాడు. అక్కడ రాత్రికి ఎంత తీసుకుంటారని అడుగుతున్నాడు తాత.

నేను నోరు తెరిచేలోపే మా నాన్న రెండు వేళ్ళు చూపించాడు. "దో హజార్." కాస్త గర్వంగానే అన్నాడు. కొడుకు తెలివిగా బుక్ చేశాడని.

మనవడు నవ్వేశాడు. "దో హజార్ మే వహా కౌన్ సోనే దేగా అంకిల్? బీస్ హజార్."

మా నాన్నకి హిందీ రాదు. కానీ ఎనిమిదో తరగతిలో హిందీ మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన అంకెలు మాత్రం నూరు దాకా వచ్చు. ఒక్కోసారి మాకు వినిపించేవాడు కూడా, మరిచిపోలేదని చూపించడానికి.

నేను మంట వైపు చూస్తున్నా. మనవడు తాతకి చెబుతున్నాడు. ఆ పెద్దాయన మాట్లాడకుండా తన ఒంటెల వరస వైపు చూసి, ఏవో లెక్కలు వేసుకుంటున్నట్టు వేళ్ళ కణుపులు ముట్టుకున్నాడు. ఆయనకి కోపం రాలేదు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. మనవడికైతే అసలు ఏమీ అనిపించలేదు. "ఇవన్నీ అమ్మేసి ఒక లోడింగ్ టెంపో కొందామంటే ఈయన వినడు సార్" అన్నాడు. మీలో ఎవరైనా పాత రోజులే బంగారం, ఒంటెలు పోతున్నాయి అని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఉంటే ఈ కుర్రాడితో పది నిమిషాలు మాట్లాడండి. మా నాన్న వయసులో నన్ను ఎడ్లు కాయమంటే నేనూ ఇదే అందును. అనేవాణ్ణి కూడా.

మా నాన్న తుండు దులుపుకుని లేచాడు. "గుర్రాలు చూద్దాం పద" అన్నాడు. అంతే. టెంటు గురించి ఒక్క ముక్క లేదు.

గుర్రాల వైపు వేరే లోకం. ఇప్పుడు పుష్కర్‌లో అసలు డబ్బు గుర్రాల దగ్గరే ఉంది. మార్వాడీ గుర్రాలు, చెవులు రెండూ లోపలికి వంగి కొనలు కలుసుకునేట్టు ఉంటాయి. వాటికి ఫ్యాన్లు, షామియానాలు, మనుషులు. ధరలు లక్షల్లో. ఒక నల్ల గుర్రం దగ్గర మా నాన్న ఆగి నుదురు చూశాడు, మెడ కింద చూశాడు, పక్కకి వెళ్ళి డొక్క చూశాడు. సుడులు చూస్తున్నాడు. మన దగ్గర ఎద్దు కొనాలంటే ముందు సుడులు చూడాలి. ఏ చోట సుడి ఉంటే కలిసొస్తుంది, ఎక్కడ ఉంటే ఇంటికి మంచిది కాదు అనే లెక్క ఉంది. ఆ గుర్రం యజమాని ఇది గమనించి దగ్గరికొచ్చాడు. వాళ్ళకీ ఇదే శాస్త్రం ఉందట. కన్ను కింద సుడి ఉంటే ఎవరూ కొనరట. మెడ మీద పొడుగ్గా దిగే సుడికి ఒక పేరే ఉంది, దేవమణి, అది చాలా శుభమట. ఆయన చూపించాడు, మా నాన్న వేలితో దాని వెంబడే గీత గీసి "ఎద్దుకైతే ఇక్కడ ఉండకూడదు" అన్నాడు. నేను అనువదించా. పదిహేను నిమిషాలు ఇద్దరికీ నేనే మైకు. నా ఇంజినీరింగ్ డిగ్రీ మా నాన్నకి అంత ఉపయోగపడిన రోజు ఇంకొకటి లేదు. :)

సుడుల మీద నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి.

తిరిగి వచ్చేటప్పుడు, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ, మా నాన్న తనంతట తనే మొదలుపెట్టాడు.

"మన జత డెబ్బై రెండు వేలకి పోయింది. చీమకుర్తి ఆయన కొన్నాడు."

"ఎప్పుడు?"

"పన్నెండులో. నువ్వు ఇంటర్ చేరావే, అప్పుడు. హాస్టల్‌తో కలిపి అరవై ఎనిమిది కట్టమన్నారు. మిగిలిన నాలుగుతో నీకు పెట్టె, పరుపు కొన్నాం."

ఆ జత నాకు బాగా గుర్తు. ఒకదానికి కుడి కొమ్ము కొంచెం బయటికి వంగి ఉండేది. ఒక సెలవులకి ఇంటికొచ్చేసరికి కొట్టంలో లేవు. ట్రాక్టరు అద్దెకి దొరుకుతోంది, ఇంక వీటితో పనేముందని అమ్మేశాం అని చెప్పారు. నేనూ సరే అనుకుని టీవీ పెట్టుకున్నా. పన్నెండేళ్ళు అదే నిజం అనుకున్నా. ఆ లెక్కన ఇంట్లో ధరలు తగ్గించి చెప్పడం నేను కనిపెట్టిన విద్య కాదు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నా.

"చెబితే నువ్వు చదివేవాడివా, దిగులు పడేవాడివా?" అని, కాస్త ఆగి, "నువ్వెందుకు చెప్పలా?" అన్నాడు.

"చెబితే వచ్చేవాడివా?"

"వచ్చేవాణ్ణి కాదు" అన్నాడు వెంటనే.

తర్వాత క్యాంపు దాకా ఏమీ మాట్లాడుకోలేదు. గేటు దగ్గర డోలు వాళ్ళు మమ్మల్ని చూసి మళ్ళీ వాయించారు.

ఆ 46 వేలు ఖర్చు పెట్టినందుకు సిగ్గుపడుతున్నానా అంటే, నిజాయితీగా చెప్పాలంటే లేదు. ఆ క్యాంపులో సంచులు మోసేవాడికి, వంటవాడికి, డోలు వాయించేవాళ్ళకి ఆ పది రోజులు జీతం దొరుకుతుంది. అయితే "టూరిజమే ఈ సంతని బతికిస్తోంది" అనే మాట నాకు ఇక ఒంటబట్టదు. బతికిస్తున్నది జాతరని, గుడారాలని, మీసాల పోటీని. ఒంటెల్ని అమ్ముకునే మనిషికి అందులోంచి వచ్చేది, ఫొటోకి పది రూపాయలు అడిగితే ఇస్తే ఇచ్చినట్టు. క్యాంపు వాళ్ళు ఇచ్చిన రంగుల పుస్తకంలో పన్నెండు పేజీల నిండా ఒంటెలే. ఆ పుస్తకంలో ఒక్కచోటైనా ఒంటె ధర వేస్తే బావుండేది, టెంటు ధర పక్కన. ఇంతకీ నేను ఆ ఒంటెని కొనలేదు. ఎవరో ఒక స్నేహితుడు అడిగాడు, కొనుండాల్సింది కదా అని. కొని మియాపూర్‌లో నాలుగో అంతస్తులో కట్టెయ్యాలా? పైగా రాష్ట్రం దాటించడానికి అనుమతి కావాలి.

శనివారం మధ్యాహ్నం మా నాన్న ఒక్కడే మళ్ళీ సంతకి వెళ్ళాడు, అమ్మ కట్టిన పప్పుండల పొట్లం పట్టుకుని. ఖాళీ చేతుల్తో వచ్చాడు. రాత్రి వేడినీళ్ళ సంచి తన కాళ్ళ దగ్గర తనే సర్దుకున్నాడు. ఆదివారం పొద్దున స్నానాలగదిలో చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చి "ఆ గీజరు నీళ్ళు మొత్తం వాడేశా" అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు.

ఖాళీ చేసేటప్పుడు బల్ల దగ్గర బిల్లు కాగితం ఇచ్చారు. నేను మడిచి జేబులో పెట్టుకోబోతుంటే మా నాన్న చెయ్యి చాచాడు. ఇచ్చా. కళ్ళజోడు తీసి పెట్టుకుని పై నించి కింద దాకా చదివాడు, జీఎస్టీ దగ్గర కాసేపు ఆగాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పాకెట్ డైరీలో పెట్టుకున్నాడు. ఎందుకో నాకు తెలియదు. మా అమ్మ "ఎంతయ్యిందంట?" అంది.

"నాలుగు వేలు" అన్నాడు మా నాన్న.

ఇది జరిగి ఏడాది దాటింది. పోయిన దసరాకి ఊరెళ్తే మా పిన్ని పట్టుకుంది. కార్తీకంలో వాళ్ళు నలుగురూ, వదినగారి కుటుంబం నలుగురూ పుష్కర్ పోదామనుకుంటున్నారు. "ఆ రెండు వేల టెంట్లు మాకూ రెండు చెప్పరా. వేణ్ణీళ్ళ సంచి ఇస్తారంటగా" అంది. నేను మా నాన్న వైపు చూశా. మా నాన్న పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుని, "ఆ ఆఫరు అయిపోయింది లక్ష్మీ" అన్నాడు.